పగడాల ట్యాంకు పెట్టబోతున్న మేనల్లుడికి

చిరంజీవి శ్రీనుకు,

మావయ్య దీవెనలు. ఇంట్లో సముద్రపు నీళ్ళ ట్యాంకు పెట్టి పగడాలు పెంచుతానంటున్నావని అక్క ఫోన్లో చెప్పింది. చాలా సంతోషం వేసింది. డబ్బు దండగ అని బావ అంటున్నాడట. ఆయనతో నేను మాట్లాడతాను. ఈలోగా నువ్వు ఒక్క సామానూ కొనకుండా ఈ ఉత్తరం చదువు.

చెరువు గట్ల మీద పెరిగావు. సెలైనిటీ (నీళ్ళలో ఉప్పు), అమ్మోనియా, ఆక్సిజన్ అంటే ఏమిటో నీకు ఒకరు చెప్పక్కర్లేదు. అది నీకు పెద్ద బలం. చిక్కు కూడా అక్కడే ఉంది. రొయ్యల చెరువులో నీళ్ళకు కలర్ రావాలని తవుడూ బెల్లమూ పులియబెట్టి చల్లుతారు, ప్లాంక్టన్ (నీళ్ళలో తేలే సన్నటి జీవులు) కడితేనే రొయ్య పిల్ల నిలబడుతుందంటారు. పగడానికి కావాల్సింది దీనికి పూర్తిగా ఎదురు. అది సారం లేని, అద్దంలాంటి నీళ్ళలో బతకడానికి అలవాటు పడిన ప్రాణి. పగడం ఒళ్ళంతా కంటికి కనపడని నాచు కణాలుంటాయి. ఎండ తగిలితే అవి తిండి తయారుచేసి పగడానికి పెడతాయి, దానికి కావాల్సిన శక్తిలో ఎక్కువ భాగం అలాగే వస్తుంది. మిగతాది రాత్రిపూట చిన్న చిన్న చేతులు చాపి నీళ్ళలో కొట్టుకొచ్చే జీవుల్ని పట్టుకుని సంపాదించుకుంటుంది. నీళ్ళలో ఎరువు పెరిగితే బయటి నాచు పైచేయి సాధించి పగడాన్ని కప్పేస్తుంది. మన అంతర్వేది దగ్గరా కాకినాడ దగ్గరా పగడపు దిబ్బలు లేనిది అందుకే. గోదారికి ఎర్రనీరు తగిలిన నెలల్లో సముద్రం ఎంత దూరం బురద రంగులో ఉంటుందో చూశావుగా. ఆ ఒండ్రు కోరంగి మడ అడవికి ప్రాణం, పగడానికి ఉరి.

కాబట్టి అంతర్వేది వెళ్ళి క్యాన్లతో నీళ్ళు తెచ్చుకుందామనే ఆలోచన మానుకో. నది కలిసేచోట ఉప్పు రోజుకో రకంగా ఉంటుంది, చెరువులనుంచి వదిలిన నీళ్ళన్నీ అక్కడికే చేరతాయి. కల్లుప్పు కలిపితే సరిపోతుందని ఎవరైనా అంటే వినకు. సముద్రపు నీళ్ళంటే ఉప్పు ఒక్కటే కాదు, కాల్షియం, మెగ్నీషియం, ఇంకా చాలా లవణాలు ఒక లెక్కలో ఉంటాయి. రీఫ్ ట్యాంకుల (పగడాల ట్యాంకుల) కోసమే తయారుచేసిన ఉప్పు మిశ్రమం బకెట్లలో దొరుకుతుంది, అదే కొను. దాన్ని బోరు నీళ్ళలోనో కాలవ నీళ్ళలోనో కలపకూడదు. ఆర్వో, ఆ తర్వాత మిగిలిన లవణాల్ని కూడా తీసేసే డీఐ ఫిల్టర్ దాటిన నీళ్ళు కావాలి, కరిగిన లవణాల్ని కొలిచే టీడీఎస్ మీటర్ సున్నా చూపించాలి. ఇంట్లో తాగే ఆర్వో మెషిన్ పనికిరాదు. చాలావాటిలో రుచి కోసం పచ్చి నీళ్ళు కొంచెం కలిపే ఏర్పాటు ఉంటుంది.

ఉప్పు 35 పీపీటీ, అంటే వెయ్యి పాళ్ళకు 35 పాళ్ళ దగ్గర ఉంచు. బావ చెరువులో 10 ఉన్నా 20 ఉన్నా వనామీ రొయ్య పెరుగుతుంది. ఇక్కడ అంత వెసులుబాటు లేదు. ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటర్ ఇంట్లో ఉందిగా, అదే వాడు. కాకపోతే 35 పీపీటీ ద్రావణంతో సరిచూసుకో, ఒట్టి నీళ్ళతో సున్నా చూస్తే చాలదు. వేసవిలో చెరువు ఎండి ఉప్పు పెరిగినట్టే ట్యాంకులోనూ పెరుగుతుంది. ఆవిరయ్యేది నీరే, ఉప్పు కాదు. అందుకని తగ్గిన మేరకు రోజూ ఉప్పు కలపని ఆ ఫిల్టర్ నీళ్ళే పొయ్యాలి, ఉప్పునీళ్ళు కాదు.

ఆల్కలినిటీ (నీళ్ళ క్షారత) లెక్క దగ్గర తికమక పడతావు. మన ల్యాబుల్లో పీపీఎం (పది లక్షల పాళ్ళకు ఎన్ని పాళ్ళు) లెక్కలో రాస్తారు, రీఫ్ వాళ్ళు డీకేహెచ్ అంటారు. ఒక డీకేహెచ్ అంటే దాదాపు 17.9 పీపీఎం. నీకు 8 నుంచి 9 డీకేహెచ్, అంటే 143 నుంచి 161 వరకు కావాలి. కాల్షియం 420 పీపీఎం ప్రాంతంలో, మెగ్నీషియం 1300 పీపీఎం ప్రాంతంలో ఉండనీ. అయితే అంకె కంటే నిలకడ ముఖ్యం. 8 దగ్గర నెలంతా కదలకుండా ఉన్న ట్యాంకులో పగడాలు హాయిగా ఉంటాయి. ఇవాళ 7, రేపు 10, ఎల్లుండి 8 అయ్యే ట్యాంకులో అవి మాడిపోతాయి, చూసేవాడికి మాత్రం సగటు బాగానే కనిపిస్తుంది. బావ చెరువు గట్టు మీద రాసే రికార్డు పుస్తకం లాంటిది నువ్వూ ఒకటి పెట్టుకుని రోజూ ఒకే టైముకి చూసి రాయి. తేడా వస్తే తొందరపడి మందు పొయ్యకు, రెండోసారి టెస్ట్ చెయ్యి.

చెరువు మందుల డబ్బాలు ఆ గది దరిదాపుల్లోకి రానివ్వకు. మైలుతుత్తం ముఖ్యంగా. చేపల రోగాలకు అమ్మే కొన్ని మందుల్లోనూ రాగి ఉంటుంది. అది చేప తట్టుకునే మోతాదులోనే పగడాన్నీ రొయ్యనీ నత్తనీ చంపేస్తుంది. చేపకి జబ్బు చేస్తే వేరే తొట్టెలో పెట్టి వైద్యం చెయ్యి.

ట్యాంకు నింపిన వెంటనే ఏదీ వెయ్యకు. అమ్మోనియాని నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చే బాక్టీరియా రాళ్ళ మీద స్థిరపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపించాకే మొదటి చేప. క్లౌన్ చేపలతో మొదలుపెట్టు, తమిళనాడు మండపంలోని సీఎంఎఫ్ఆర్ఐ (కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ) వాళ్ళు ఎప్పుడో వాటిని హేచరీలో పెంచే పద్ధతి సాధించారు. సముద్రంలో పట్టినవి కాకుండా హేచరీ పిల్లల్నే అడుగు. అన్నీ మగగానే పుడతాయి, జంటలో పెద్దది ఆడదిగా మారుతుంది. అందుకని చిన్న పిల్లలు రెండు తెస్తే చాలు, వాటి సంసారం అవే సర్దుకుంటాయి. మేత విషయంలో నీకు చెక్ ట్రేలో ఎంత మిగిలిందో చూసి వేసే అలవాటు ఉంది కాబట్టి నిశ్చింతగా ఉన్నాను.

మన ఊళ్ళో అసలు పరీక్ష మే నెలలో వస్తుంది. ట్యాంకు 25, 26 డిగ్రీల్లో ఉండాలి. 30 దాటి రోజుల తరబడి ఉంటే పగడం తనలోని నాచుని బయటికి వదిలేసి తెల్లబడుతుంది. మన తీరంలో గాలిలో తేమ ఎక్కువ, ఫ్యాన్ పెడితే పెద్దగా చల్లబడదు. నీళ్ళని చల్లబరిచే చిల్లర్ మెషిన్ ఖర్చు మొదటి లెక్కలోనే వేసుకో. కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ మీద నీళ్ళు కదిపే వేవ్‌మేకర్, గాలి పంపు ఉంటే చాలు. లైట్లు ఒకటి రెండు రోజులు లేకపోయినా నష్టం లేదు, ఆక్సిజన్ లేకపోతే కొన్ని గంటల్లో అన్నీ పోతాయి. తుపాను హెచ్చరిక వింటే రొయ్య పిల్లల్ని తెచ్చే సీడు బండ్లలో వాడే బ్యాటరీ పంపు ఒకటి తెచ్చి ఛార్జి పెట్టి ఉంచుకో.

ఇప్పుడు చెప్పేది శ్రద్ధగా విను. దిబ్బలు కట్టే గట్టి పగడాలు, నల్ల పగడాలు, సీ ఫ్యాన్లు 2001 నుంచి మన వన్యప్రాణి రక్షణ చట్టం షెడ్యూల్ ఒకటిలో ఉన్నాయి. పులి ఉన్న షెడ్యూలే అది. సముద్ర గుర్రాలూ అందులోనే ఉన్నాయి. చచ్చిన పగడపు రాయి అమ్మినా నేరమే. ఎవరైనా చాటుగా చూపించి ‘ఏం కాదు తమ్ముడూ’ అంటే లేచి వచ్చెయ్యి. సిరామిక్ రాళ్ళు వాడు. మష్రూమ్, జోయాంతిడ్, లెదర్ లాంటి మెత్తటి పగడాలతో అందమైన ట్యాంకు కట్టొచ్చు, మొదటిసారికి అవే తేలిక కూడా. వాటిక్కూడా ఎక్కడ పెంచారో చెప్పే కాగితమూ బిల్లూ లేకుండా తీసుకోకు. జోయాంతిడ్లలో కొన్నిటికి పాలిటాక్సిన్ అనే భయంకరమైన విషం ఉంటుంది. గ్లవ్స్, కళ్ళద్దాలు లేకుండా ముట్టుకోవద్దు. అవి అంటుకున్న రాయి మీద వేడినీళ్ళు ఎప్పుడూ పొయ్యకు, ఆ ఆవిరి పీల్చి ఆస్పత్రుల పాలైనవాళ్ళు ఉన్నారు. ఇంట్లో అక్కకీ ఈ మాట చెప్పు.

ట్యాంకు ఎంత బాగా కుదిరినా దాంతో ఆగిపోవద్దు, అసలు దిబ్బని ఒకసారి చూడాలి. మన దేశంలో అవి మన్నార్ సింధుశాఖ, కచ్, లక్షదీవులు, అండమాన్, నికోబార్లలో ఉన్నాయి. మన్నార్‌లో ఒకప్పుడు సున్నానికీ ఇళ్ళకీ పగడపు రాయి తవ్వేవారు. మనకి వీలైన దారి అండమాన్, విశాఖ నుంచి పోర్ట్‌బ్లెయిర్‌కి (2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చారు) ఓడ ఉంది. జనవరి నుంచి ఏప్రిల్ మధ్య నీళ్ళు తేటగా ఉంటాయి. మాస్కు పెట్టుకుని తల ముంచగానే ఎక్కడ చూసినా చిటపటమని శబ్దం వినిపిస్తుంది. అవి రొయ్యలే, పంజా విదిలించే జాతి. మన చెరువుల్లో వినే శబ్దం కాదు. ఇటూ అటూ తిరక్కుండా ఒకే రాయి దగ్గర అరగంట తేలుతూ ఉండు. చిలక చేప పగడాన్ని పటపటా కొరుకుతుంది, కాసేపటికి వెనక నుంచి తెల్లటి ఇసుక వదులుతుంది. పగడపు దీవుల తెల్ల ఇసుకలో చాలా భాగం అలా తయారైనదే. పెద్ద చేప నోరు తెరుచుకుని నిలబడితే చిన్న క్లీనర్ చేప లోపలికి దూరి పళ్ళు శుభ్రం చేసి వస్తుంది. గుండ్రటి పెద్ద పగడం కనిపిస్తే దాని వయసు ఆలోచించు, ఏడాదికి సెంటీమీటరు చొప్పున పెరిగే జాతులవి. దాని మీద ఒక్కసారి కాలు మోపితే ఎన్నేళ్ళ పని పోతుందో లెక్క నువ్వే వేసుకో. నిలబడకు, పట్టుకోకు, పగడానికి హాని చేసే ఆక్సీబెంజోన్ ఉన్న సన్‌స్క్రీన్ రాసుకోకు, పొడుగు చేతుల చొక్కా వేసుకో.

త్వరగా వెళ్ళమని ఎందుకంటున్నానంటే, 1998లో, 2010లో, 2016లో సముద్రం వేడెక్కి దిబ్బలు తెల్లబడ్డాయి. 2024లో లక్షదీవుల్లో మళ్ళీ తీవ్రంగా జరిగింది. నీ ట్యాంకు వేడెక్కితే చిల్లర్ వేస్తావు. వాటికి వేసేవాడు లేడు. సముద్రపు అడుగు మొత్తంలో ఒక శాతం కూడా లేని ఈ దిబ్బల మీద, సముద్ర జీవజాతుల్లో దాదాపు పావు వంతు ఆధారపడి ఉన్నాయి. నాకు వాటి గురించి చాలా దిగులుగా ఉంది, నీకు దాచడం లేదు.

ఈత వచ్చుగానీ స్నార్కెల్ గొట్టంతో ఊపిరి తీయడం వేరు. వెళ్ళే ముందు భీమవరంలో ఏదైనా స్విమ్మింగ్ పూల్‌లో పది రోజులు అలవాటు చేసుకో. ట్యాంకుకి 200 లీటర్లకు తక్కువ కొనకు, స్టాండు ఇనుముతో చేయించు. కొలతలు నాకు ముందుగా పంపు. ఓడ టికెట్లు తీసే ముందు ఫోన్ చెయ్యి, బావని కూడా ఒప్పించి తీసుకెళ్దాం.

మీ మావయ్య,
నరసాపురం