మీ నాయనగారి మీది కోపాన్ని మీ అబ్బాయి మోస్తున్నాడు

కర్నూలులో బ్యాంకు ఉద్యోగం చేస్తున్న ఒక తండ్రి రాసిన ఉత్తరమిది. ఆయన కొడుక్కి పదేళ్ళు, అయిదో తరగతి చదువుతున్నాడు. రెండేళ్ళుగా మార్కులు తగ్గుతున్నాయి, ఒకచోట కుదురుగా కూర్చోడు, నాలుగో తరగతిలోనే కళ్ళద్దాలు వచ్చాయి, సోమవారం పొద్దున బడికి బయలుదేరే వేళకు కడుపునొప్పి అంటాడు. ఆరో తరగతికి ఐఐటీ ఫౌండేషన్ చెప్పే బడికి మార్చాలా, విజయవాడలో హాస్టల్లో చేర్చాలా, ఏకాగ్రత పెంచే మందు ఏదైనా ఉందా అని ఆయన అడిగారు. ఉత్తరం చివర మాత్రం మరో సంగతి రాశారు. వ్యాయామోపాధ్యాయుడిగా పనిచేసి రిటైరైన తన తండ్రి, భార్య పోయాక వీరి దగ్గరే ఉంటున్నారు. ఆయన మనవణ్ణి చెప్పకుండా తెల్లవారుజామున ఔట్‌డోర్ స్టేడియానికి తీసుకుపోతున్నట్టు తెలిసి, "నువ్వు నన్ను చెడగొట్టింది చాలు, వీణ్ణి కూడా చెడగొట్టొద్దు" అని ఈయన బిడ్డ ముందే అరిచారట. అప్పటినుంచి ఆ పెద్దాయన తన గదిలోనే భోంచేస్తున్నారు.

జవాబు:

మీరు అడిగిన వాటికి ముందుగా జవాబు చెప్పేస్తాను. ఫౌండేషన్ బడి వద్దు, హాస్టల్ వద్దు, ఏకాగ్రత పెంచుతామని దుకాణాల్లో అమ్మే సీసాలు అసలే వద్దు. కడుపునొప్పి, కుదురు లేకపోవడం గురించి పిల్లల డాక్టరుకు ఒకసారి చూపించండి. ఆయన అవసరమని చెబితే తప్ప ఏ మందూ వేయవద్దు. మీ ఉత్తరంలో నేను మాట్లాడవలసిన విషయం ఇది కాదు. రెండు పేజీల నిండా మార్కుల గురించి రాసి, చివర నాలుగు వాక్యాల్లో తేల్చేసిన మీ నాయనగారి విషయమే అసలు విషయం.

ఇంటర్ చదువుతున్న ఏడాది మిమ్మల్ని ఖోఖో పోటీలకు ఊరూరా తిప్పారని, అందువల్లే ఎంసెట్‌లో ర్యాంకు రాక ఇంజనీరు కాలేకపోయానని మీరు రాశారు. అది నిజం కాదని నేను అనను. పరీక్షల ఏడాది పిల్లవాణ్ణి పోటీలకు తిప్పిన తండ్రి తప్పు చేసి ఉండవచ్చు, తనకు దక్కని పతకం కొడుకు మెడలో చూడాలని ఆశపడి ఉండవచ్చు. ఆ బాధ మీకు ఉంటే దాన్ని ఆయనతో నేరుగా, మీరిద్దరే కూర్చుని, ఎప్పుడో మాట్లాడుకుని ఉండవలసింది. మీరు ఆ పని చేయకుండా పదేళ్ళ బిడ్డకు ఆటే లేకుండా చేసి మీ నాయనగారికి శిక్ష వేస్తున్నారు. ఆయన మీ మీద పతకాల భారం మోపారని మీ ఫిర్యాదు. మీ అబ్బాయి మీద మీరు మోపుతున్నది ర్యాంకుల భారం. ఈ రెండింటికీ ఉన్న తేడా ఏమిటో మీరే ఆలోచించండి.

మీరు రాసిన దినచర్యనే మళ్ళీ మీ ముందు పెడతాను. అబ్బాయిని అయిదింటికి లేపి చదివిస్తున్నారు. ఏడున్నరకు వ్యాను ఎక్కితే సాయంత్రం అయిదింటికి దిగుతాడు. ఆరు నుంచి ఎనిమిదిన్నర దాకా ట్యూషన్, తిని హోంవర్కు ముగించేసరికి పది. బడి చూస్తే దుకాణాల పైన అద్దె భవనంలో ఉంది, ఆటస్థలం లేదు, ఆటల పీరియడ్‌లో లెక్కలు చెబుతారు. మీరు దాన్ని మెచ్చుకుంటూ రాశారు కనుక ఈ మాట చెప్పవలసి వస్తున్నది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం తరగతి గదులతో పాటు ఆటస్థలాన్ని కూడా బడికి ఉండితీరవలసిన వాటిలో చేర్చింది. మూడు నుంచి అయిదో తరగతి పిల్లలకు వారం మొత్తానికి రెండు గంటలకు మించి హోంవర్కు ఉండకూడదని కేంద్ర విద్యాశాఖ 2020లో తెచ్చిన స్కూల్ బ్యాగ్ విధానం చెబుతున్నది. మీ అబ్బాయికి ఆ రెండు గంటలూ ఇంచుమించు రెండు రాత్రుల్లోనే అయిపోతున్నాయి.

ఆరు నుంచి పన్నెండేళ్ళ పిల్లలకు రోజుకు తొమ్మిది నుంచి పన్నెండు గంటల నిద్ర కావాలని నిద్ర వైద్య నిపుణులు చెబుతారు. మీ అబ్బాయికి దక్కుతున్నవి ఏడు. పగలు నేర్చుకున్నది జ్ఞాపకంలో స్థిరపడేది నిద్రలోనే కాబట్టి, తెల్లవారుజామున లేపి చదివించడం వల్ల రాత్రి చదివినది కూడా నిలవదు. అయిదు నుంచి పదిహేడేళ్ళ లోపు పిల్లలకు రోజూ సగటున అరవై నిమిషాలైనా ఆయాసం వచ్చేంత ఆట, పరుగు, శ్రమ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. మీరు రాసిన రోజులో ఆ అరవై నిమిషాలు ఎక్కడున్నాయో వెతికాను. మీ నాయనగారు మీకు చెప్పకుండా తీసుకుపోయిన ఆ పొద్దున వేళ తప్ప ఇంకెక్కడా లేవు.

ఆట వల్ల చదువు పోతుందన్న మీ నమ్మకం గురించి కూడా చెప్పాలి. అమెరికాలోని ఇల్లినాయి విశ్వవిద్యాలయంలో ఏడు నుంచి తొమ్మిదేళ్ళ పిల్లలు 221 మందిని రెండు గుంపులుగా చేసి, ఒక గుంపును తొమ్మిది నెలల పాటు బడి అయ్యాక రోజూ ఆడించారు. మనసు పక్కకు పోకుండా పట్టుకోవడంలోనూ, ఒక పని నుంచి మరో పనికి తడబడకుండా మారడంలోనూ ఆడిన పిల్లలు తక్కినవారి కంటే ఎక్కువ మెరుగయ్యారు. ఆ ఫలితాలు 2014లో వెలువడ్డాయి. మీరు మందు సీసాలో దొరుకుతుందేమోనని అడిగిన ఏకాగ్రత సరిగ్గా ఇదే.

కళ్ళద్దాల సంగతీ అంతే. చైనాలోని గ్వాంగ్‌జౌలో కొన్ని బడుల్లో ఒకటో తరగతి పిల్లలను రోజూ అదనంగా నలభై నిమిషాలు ఆరుబయట ఉంచి మూడేళ్ళు గమనిస్తే, కొత్తగా దూరపుచూపు మందగించినవారు సుమారు ముప్పై శాతం ఉన్నారు. అలా ఉంచని బడుల్లో వారు నలభై శాతం దాకా ఉన్నారు. ఆరుబయటి వెలుతురు కంటిగుడ్డు అతిగా పొడవు పెరగకుండా ఆపుతుందని పరిశోధకులు భావిస్తున్నారు. వచ్చిన అద్దాలు దీనితో పోవు, ఏటా కంటి డాక్టరుకు చూపించవలసిందే. కానీ వెలుతురు చూడని బాల్యం కళ్ళకు మంచిది కాదన్నది మాత్రం స్పష్టం.

మీరు పెరిగింది బి క్యాంపులోనని రాశారు. 1953లో కర్నూలు ఆంధ్రరాష్ట్ర రాజధాని అయినప్పుడు వెలసిన ఆ క్యాంపుల్లో ఇళ్ళ చుట్టూ జాగా ఉండేది, బడి నుంచి రాగానే పుస్తకాల సంచి విసిరేసి వీధిలోకి పరుగెత్తే వీలుండేది. మీకు ఎవరూ ప్రత్యేకంగా వ్యాయామం ఏర్పాటు చేయనవసరం లేకుండానే ఒళ్ళు గట్టిపడింది. బళ్ళారి చౌరస్తా దగ్గర మూడో అంతస్తు ఫ్లాటులో, కింద కార్లు తప్ప ఏమీ లేనిచోట పెరుగుతున్న మీ అబ్బాయికి ఆ అవకాశం లేదు. వాడికి ఎవరో ఒకరు చెయ్యి పట్టుకుని మైదానానికి తీసుకుపోవాలి. ఎముకల బలంలో తొంభై శాతం దాకా ఇరవై ఏళ్ళలోపే కూడుతుంది. రాగిసంగటి పెడుతున్నామని రాశారు, మంచిదే, వంద గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. అయితే దూకడం, పరుగెత్తడం, బరువు మోయడం లేకుండా తిండి ఒక్కటే ఎముకను గట్టిపరచదు.

అబ్బాయి పుస్తకం పట్టుకుని మాటిమాటికీ జేజినాయన గదిలోకి పోతాడని, ఆయన వెనకేసుకురావడం వల్లనే చెడిపోతున్నాడని మీరు ఆరోపించారు. మీ ఉత్తరంలోనే ఉన్న మరో రెండు వివరాలను మీరు పక్కపక్కన పెట్టి చూసుకోలేదు. అబ్బాయి చదువుకునే బల్ల రోడ్డు వైపు హాల్లో ఉంది, లారీల హారన్లు అర్ధరాత్రి దాకా మోగుతుంటాయి. మీ నాయనగారి గది వెనకవైపు ఉంది. న్యూయార్కులో రైలు వంతెన పక్కనున్న ఒక బడిలో రైళ్ళ వైపు గదుల్లో కూర్చున్న పిల్లలు అవతలి వైపు పిల్లల కంటే చదవడంలో వెనకబడ్డారని 1975లోనే తేల్చారు. మోత తగ్గించే ఏర్పాట్లు చేశాక ఆ తేడా పోయింది. మీ బిడ్డ నిశ్శబ్దంగా ఉన్న గదికి, తనను మార్కులు అడగని మనిషి దగ్గరికి పోతున్నాడు. అది చెడిపోవడం ఎలా అవుతుంది? ఈ వారంలోనే ఆ బల్లను వెనక గదికి మార్చండి, మార్చే ముందు మీ నాయనగారి అనుమతి అడగండి, ఎందుకంటే అది ఆయన గది.

ఇక ఆ అరిచిన మాట. కన్నతండ్రితో విభేదించవచ్చు, ఆయన తప్పును ఆయనకు చెప్పవచ్చు, నా ఇంట్లో నా బిడ్డ విషయంలో నా మాట చెల్లాలి అనవచ్చు. మనవడి ఎదుట ఆయన జీవితమంతా చేసిన వృత్తిని చెడగొట్టడం అని తేల్చే హక్కు మాత్రం ఏ కొడుక్కీ లేదు, ఈ విషయంలో నేను మెత్తగా మాట్లాడలేను. ముప్పై ఏళ్ళపాటు ఊళ్ళ పిల్లలను ఎండలో నిలబడి ఆడించిన మనిషి, ఇంటిదాన్ని పోగొట్టుకుని కొడుకు నీడకు వచ్చి, ఇప్పుడు కంచం గదిలోకి తెచ్చుకుని తింటున్నారు. మీరు దాన్ని అలక అని రాశారు. అది ఆత్మాభిమానం. ఆయన మీకు చెప్పకుండా మనవణ్ణి తీసుకుపోవడం పొరపాటే, అబద్ధం నేర్పినట్టవుతుంది కనుక ఆ మాట ఆయనకు నేను కూడా చెబుతాను. అడిగితే వద్దంటారని ఆయనకు ముందే తెలుసు, అడిగే చనువు ఆ ఇంట్లో ఆయనకు మిగలలేదు.

సోమవారం కడుపునొప్పిని కూడా ఇక్కడినుంచే చూడమంటాను. డాక్టరు చూసి ఏమీ లేదంటే, ఆదివారం మీ ఇంట్లో ఎలా గడుస్తున్నదో గమనించండి. వారమంతా ఎవరి పనుల్లో వారుండి, ఆ ఒక్కరోజు ముగ్గురు మగవాళ్ళు ఒకే ఇంట్లో ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా ఉంటున్నారు. పెద్దలు పలకరించుకోని ఇంట్లో పిల్లలు ఆ కారణం తామేనని అనుకుంటారు, ముఖ్యంగా గొడవ తమ పేరు మీదే జరిగినప్పుడు. ఇంత పెద్ద ఉత్తరంలో మీ భార్య ఏమంటున్నారో ఒక్క మాట రాయలేదు మీరు. ఆమెను అడగండి.

అరిచింది బిడ్డ ముందు కాబట్టి క్షమాపణ కూడా బిడ్డ ముందే చెప్పాలి. "నాయనా, ఆ రోజు అట్లా అనడం నాది తప్పు" అంటే చాలు, సంజాయిషీలు వద్దు. మీ ఖోఖో, మీ ఎంసెట్ సంగతి మరో రోజు, పిల్లవాడు లేనప్పుడు, ఆయనతో కూర్చుని మాట్లాడండి. ఆయన ఒప్పుకుంటారో లేదో నేను చెప్పలేను. ఒప్పుకోకపోయినా మీ బాధ ఒకసారి ఆయన చెవిన పడటం అవసరం.

తరవాత పొద్దున గంట మనవణ్ణి ఆయనకు అప్పగించండి. తెల్లవారుజామున అయిదింటి చదువు మానిపించి, ట్యూషన్ మానిపించి, రాత్రి తొమ్మిదికల్లా పడుకోబెడితే ఆరింటికి వాడే లేస్తాడు. బడి లేని రోజుల్లో సాయంత్రం కూడా వెళ్ళనివ్వండి, కానీ మార్చి నుంచి మన ఎండలు మీకు తెలిసినవే కనుక ఏడు దాటాకా, సాయంత్రం అయిదున్నర లోపూ మైదానం వద్దు, నీళ్ళ సీసా వెంట ఉండాలి. మీ నాయనగారికి మీరు ఒక షరతు పెట్టవచ్చు, ఆయన వృత్తి తెలిసినవారు కనుక ఒప్పుకుంటారు: రెండేళ్ళ దాకా స్టాప్‌వాచ్ వద్దు, పోటీలు వద్దు, సెలక్షన్లు వద్దు. పదేళ్ళ పిల్లవాడు రకరకాల ఆటలు ఆడాలి. బడి యాజమాన్యాన్ని ఆటల పీరియడ్‌లో లెక్కలు ఎందుకు చెబుతున్నారని రాతపూర్వకంగా అడగండి. జవాబు సరిగ్గా లేకపోతే, ఆరో తరగతికి మైదానం ఉన్న బడి చూడండి, ఫీజు తక్కువైనా సరే, ప్రభుత్వ బడైనా సరే. ఆ బడికి మీరొక్కరే కాకుండా మీ నాయనగారిని వెంటబెట్టుకుని వెళ్ళండి, మైదానాన్ని చూసి అక్కడ పిల్లలు నిజంగా ఆడుతున్నారో లేదో ఆయన చెప్పగలరు.