బోర్లా వేస్తే తల ఎత్తట్లేదా? ఇలా చేసి చూడండి

రెండు నెలల పాప బోర్లా వేయగానే ముఖం పరుపుకి ఆనించి ఏడుస్తోందన్నారు కదా, టెన్షన్ పడకండి, మా వాడూ అంతే. ముందు ఆ పరుపు మానేసి నేల మీద దుప్పటి పరవండి, మరీ మెత్తగా ఉంటే మోచేతులకు పట్టు దొరకదు. చిన్న టవల్ చుట్టగా చుట్టి ఛాతీ కింద పెట్టి, చేతులు రెండూ ముందుకు తీయండి. మీరూ ఎదురుగా బోర్లా పడుకుని పిలిస్తే, నుదురు ముడతలు పడేలా కష్టపడి గడ్డం కాస్త లేపుతుంది, అచ్చం తాబేలు పిల్లే! ఏడిస్తే పాపను ఎత్తుకోండి. ఒక్కోసారి 3 నిమిషాలు, రోజుకు రెండు మూడు సార్లు చాలు. అదీ కుదరకపోతే మీరు వెనక్కి వాలి గుండెల మీద వేసుకోండి, అదీ బోర్లా వేసినట్టే లెక్క. పాలు తాగిన వెంటనే వద్దు, కక్కేస్తుంది. నిద్రలోకి జారితే వెల్లకిలా తిప్పేయాలి. 4 నెలలకూ తల నిలబడకపోతే మాత్రం డాక్టరుకు చూపించండి.