తొడిమలు తీసే పరికరం తయారుచేసిన అమ్మాయికి బీటెక్ మేలా, డిజైన్ మేలా?

ప్రశ్న: మాది గుంటూరు జిల్లా. మా అమ్మాయి పదో తరగతిలో ఎండుమిర్చి తొడిమలు తీసే పరికరం తయారుచేసి, బడి పిల్లల ఆవిష్కరణలకు జరిగే ఇన్‌స్పైర్ జిల్లా ప్రదర్శనలో బహుమతి తెచ్చుకుంది. ఇప్పుడు ఇంటర్ ఎంపీసీ మొదటి సంవత్సరం, హాస్టల్లో ఉంటోంది. చదువు పాడవుతుందని పరికరం ఒక్కటి ఉంచి, మిగతా సామానంతా పాత ఇనుప కొట్టుకు వేసేశాను. తాను ప్రొడక్ట్ డిజైన్ చదువుతానంటోంది, మేము బీటెక్ కంప్యూటర్స్ అనుకుంటున్నాం. డెబ్బై వేలు కడితే ఆ పరికరానికి పేటెంటు తెప్పిస్తామని, అది విదేశాల్లో సీటుకు పనికొస్తుందని ఒక కన్సల్టెన్సీ వారు చెబుతున్నారు. వీడియో జతచేశాను. ఏం చేయమంటారు?

జవాబు: మీరు పంపిన వీడియోను నాలుగుసార్లు చూశాను. అమ్మాయి పిడి తిప్పుతుంటే మొదటి అయిదు కాయల తొడిమలు శుభ్రంగా ఊడివచ్చాయి, ఆరో కాయ మాత్రం మెడ దగ్గర చిట్లి గింజలు నేల మీద రాలాయి. అప్పుడు పక్కన కూర్చున్న మీ అమ్మగారు ఆ కాయను చేతిలోకి తీసుకుని, చిట్లిన చోటును బొటనవేలితో నిమురుతూ ఏదో చెప్పారు. అమ్మాయి తిప్పడం ఆపేసి ఆ వేలి వైపే చూస్తూ ఉండిపోయింది. కెమెరా ముందు పరికరం పాడైందని సిగ్గుపడకుండా, కాయ ఎందుకు చిట్లిందా అని ఆలోచనలో పడిన ఆ పిల్ల ముఖం చూశాకే ఈ జవాబు రాయడానికి కూర్చున్నాను.

బీటెక్కా డిజైనా అని అడిగే తల్లిదండ్రుల ఉత్తరాలు నాకు ఏటా వస్తూనే ఉంటాయి. మాటలు ఎలా ఉన్నా వాటి అడుగున ఉన్న భయం ఒక్కటే: కొత్త ఆలోచనలు కూడు పెడతాయా అన్నది. ఆలోచన ఒక్కటే ఎవరికీ కూడు పెట్టదు. దాన్ని పదిమందికి పనికొచ్చే వస్తువుగా మార్చగలిగిన ఓపికకు, నైపుణ్యానికి మాత్రం ఏ కాలంలోనైనా పని దొరుకుతుంది.

ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం గారి సంగతి మీరు వినే ఉంటారు. చీర నేసేముందు ఆసు పోయడానికి, అంటే దారాన్ని నేతకు సిద్ధం చేయడానికి, అర్ధచంద్రాకారంగా నిలిపిన పుల్లల మీదుగా దారాన్ని అటూ ఇటూ చేతితో తిప్పాలి; ఒక్క చీరకే ఆ చేయి సుమారు 9,000 సార్లు కదలాలి. తల్లి లక్ష్మి గారి భుజం నొప్పి చూడలేక ఆయన 1992లో యంత్రం తయారీకి పూనుకున్నారు. అది పూర్తయింది 1999లో. చిక్కుముడిని ఒక్కసారిగా కాక భాగాలుగా విప్పుకుంటూ వెళ్లారు. అన్నీ కుదిరినా దారాన్ని పుల్ల చుట్టూ చుట్టే చివరి కదలిక మాత్రం చాలాకాలం అంతుపట్టలేదు. హైదరాబాద్ బాలానగర్‌లో మరో పని మీద వెళ్లినప్పుడు అక్కడి ఒక యంత్రంలో చూసిన కదలిక ఆయనకు దారి చూపింది. అయిదారు గంటల పని గంటన్నరకు దిగింది. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. చదువు మధ్యలో ఆగిపోయినా ఆయన ఇంత సాధించారని పిల్లలకు చెబుతుంటారు గానీ, చదువు లేకపోవడం ఆయనకు మేలు చేయలేదు. మేలు చేసినది, ఆ యంత్రం అవసరమైన మనిషి రోజూ కళ్ల ముందు ఉండటం.

దీని పక్కన మరో ఉదాహరణ పెట్టి చూడండి. హైదరాబాద్‌లోని క్షిపణి ప్రయోగశాలకు వచ్చిన నిమ్స్ ఎముకల వైద్యుడు ఒకరు, అగ్ని క్షిపణి కోసం తయారుచేసిన తేలికైన పదార్థాన్ని చేతితో ఎత్తి చూసి, అబ్దుల్ కలాం గారిని తన ఆసుపత్రికి తీసుకెళ్లారు. అక్కడ పిల్లలు మూడు కిలోలకు పైగా బరువున్న ఇనుప కాలిపర్లతో, అంటే కాలికి ఊతగా బిగించే పట్టీలతో, కాళ్లు ఈడ్చుకుంటూ నడుస్తున్నారు. మూడు వారాల్లో 300 గ్రాముల కాలిపర్లు సిద్ధమయ్యాయి. ఒకచోట ఏడేళ్లు, ఇంకొకచోట మూడు వారాలు పట్టడానికి కారణం తెలివిలో తేడా కాదు. రెండోచోట ఆ పదార్థం వెనుక ఎన్నో ఏళ్ల ఇంజినీరింగ్ శ్రమ అప్పటికే సిద్ధంగా ఉంది. అయినా ఆ వైద్యుడు పిల్లల దగ్గరికి తీసుకెళ్లకపోతే అది కాలిపర్‌గా మారేది కాదు.

మీరు అడిగిన పోలిక కూడా ఇక్కడే ఉంది. పదార్థం, బలం, కదలిక ఎలా పనిచేస్తాయో ఇంజినీరింగ్ లోతుగా నేర్పుతుంది. వాడే మనిషిని గమనించి, నమూనా చేసి, అది విఫలమైతే మళ్లీ చేయడం డిజైన్ చదువులో రోజువారీ పని. మీ అమ్మాయి చేతులకు మెకానికల్ ఇంజినీరింగ్ గానీ ప్రొడక్ట్ డిజైన్ గానీ సరిపోతుంది. కంప్యూటర్స్ ఎందుకన్నది మీ ఉత్తరంలో ఎక్కడా కనిపించలేదు. జాతీయ డిజైన్ సంస్థ ఎన్‌ఐడీ ఆంధ్రప్రదేశ్ మీకు దూరం కాదు. ఐఐటీ హైదరాబాద్‌లోనూ యూసీడ్ అనే ప్రవేశ పరీక్ష ద్వారా డిజైన్ చదవవచ్చు. ఇప్పుడు బీటెక్‌లో చేరినా తర్వాత సీడ్ అనే పీజీ ప్రవేశ పరీక్ష రాసి ఎం.డిజైన్‌కు వెళ్లవచ్చు. అందుచేత ఈ ఏడాది తీసుకునే నిర్ణయంతో ఒక తలుపు శాశ్వతంగా మూసుకుపోతుందని భయపడకండి.

నా అసలు ఆందోళన ఆ డెబ్బై వేల గురించి. బడి పిల్లల పేరు మీద పేటెంటు తీయించడం ఈమధ్య పెద్ద వేలంవెర్రిగా మారింది. వ్యక్తులు ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసుకోవడానికి ప్రభుత్వ రుసుము 1,600 రూపాయలు. పరిశీలన రుసుము వేరు. దరఖాస్తు సంఖ్య వచ్చినా, అది అధికారిక పత్రికలో అచ్చయినా పేటెంటు వచ్చినట్టు కాదు. పరిశీలన దాటి మంజూరైతేనే, దరఖాస్తు తేదీ నుంచి లెక్కించే 20 ఏళ్ల హక్కు లభిస్తుంది. పైగా దరఖాస్తుకు ముందే నలుగురికీ చూపించిన వస్తువుకు కొత్తదనం పోయిందన్న అభ్యంతరం రావచ్చు, మీ అమ్మాయి పరికరం ఇప్పటికే ప్రదర్శనలో నిలబడింది. ఇవన్నీ మీకు ఆ సంస్థవారు చెప్పారా? మంచి పేటెంటు న్యాయవాది అవసరమయ్యే రోజు వస్తుంది, కానీ ఆరో కాయకే గింజలు రాల్చే పరికరానికి ఇప్పుడు కావలసింది న్యాయవాది కాదు.

కటువుగా చెబుతున్నందుకు ఏమీ అనుకోకండి. చదువుకు అడ్డమని ఆ అమ్మాయి పనిముట్లను తూకానికి వేసినవారు మీరే, ఆ పనిముట్లతో చేసిన వస్తువును కాగితంగా మార్చి సీటుకు వాడుకోవాలనుకుంటున్నవారూ మీరే. ఆమె చేసిన పని మీకు బరువైంది, దాని మీద వచ్చే ముద్ర మాత్రం ముద్దొచ్చింది. ఇది పిల్లలకు అర్థం కాదనుకోవద్దు. హాస్టల్ నుంచి ఇంటికొచ్చిన పిల్ల తన పెట్టె ఉన్న మూలను ఖాళీగా చూసినప్పుడు ఏమనుకుందో ఆమెను అడిగారా? ముందు ఒక చిన్న వైస్, రెండు ఆకురాళ్లు, ఒక స్క్రూడ్రైవర్ల సెట్టు కొని అదే మూలలో పెట్టండి. వారానికి మూడు గంటలు వాటితో గడిపితే ఇంటర్ మార్కులు కొట్టుకుపోవు.

సంక్రాంతి తర్వాత కొత్త పంట వస్తుంది. ఒక ఆదివారం అమ్మాయిని, ఆ పరికరాన్ని తీసుకుని మీ దగ్గర్లో తొడిమలు తీసే ఆడవాళ్లు కూర్చునే చోటికి వెళ్లండి. మంచు తేమకు మెత్తబడిన కాయ, మధ్యాహ్నం ఎండకు పెళుసెక్కిన కాయ ఒకేలా లొంగవు. సన్నని తేజ రకం కాయకు కుదిరిన పరికరపు పన్ను మరో రకానికి కుదరకపోవచ్చు. వందకు ఎన్ని కాయలు చిట్లాయో, వాళ్ల చేతుల మంట తగ్గిందో లేదో, కిలో లెక్కన కూలి తీసుకునేవారికి దీనితో ఆలస్యమవుతోందో అమ్మాయిని నోటుపుస్తకంలో రాసుకోనివ్వండి, మీరు మధ్యలో మాట్లాడకండి. ఏ కోర్సు అన్నది ఆ పుస్తకం పట్టుకుని వస్తే ముగ్గురం కూర్చుని తేలుద్దాం. వెళ్లేటప్పుడు మీ అమ్మగారిని కూడా వెంట తీసుకెళ్లండి. కాయ ఎక్కడ చిట్లుతుందో ఆమె వేలికి ముందే తెలుసు.