కవిత్వం రోజువారీ పనుల్లో ఇముడుతుందా?

ప్రశ్న: ఉద్యోగం, ఇల్లు, పిల్లలు. రాత్రి పదింటికి పుస్తకం పట్టుకుంటే రెండో పేజీకే నిద్ర ముంచుకొస్తుంది. ఒకప్పుడు కవిత్వం తెగ చదివేదాన్ని. మళ్లీ ఎలా మొదలుపెట్టను?

జవాబు: రాత్రి పదింటికి చదవకండి, అంతే. అలసిపోయినా కథ మనల్ని లాక్కుపోతుంది. కవితలో మాటమాటకీ మనమే ఆగాలి. పొద్దున ఫోన్ ముట్టుకోకముందు ఒక్క కవిత చాలు, పదిహేను పాదాలు మించనిది. ఒకసారి కళ్లతో, ఒకసారి పైకి చదవండి. అయిదు నిమిషాల పని. వారమంతా అదే కవిత చదవండి. మొదటి రెండు రోజులూ అర్థం చుట్టూనే తిరుగుతాం. పాదం ఎక్కడ విరిగిందో, ఏ మాట కావాలని మళ్లీ వచ్చిందో ఆ తర్వాతే కంటబడుతుంది.

నోటికి పట్టాలంటే చివరి పాదం నుంచి వెనక్కి రండి. ముందు చివరి పాదం, తర్వాత చివరి రెండు, ఆపైన మూడు. మొదటి నుంచి పట్టినవాళ్లకు ఎత్తుగడ గట్టిగా వస్తుంది గానీ సగం దాటాక తడబడతారు. ఇలా పడితే ఎప్పుడూ తెలిసిన చోటికే వెళ్తుంటారు. క్యూలోనూ, నిద్రపట్టని రాత్రీ పుస్తకం చేతిలో ఉండదు, అక్కడ అక్కరకొచ్చేది నోటికి వచ్చిన కవితే.

ప్రశ్న: మనసు బాగోలేనప్పుడే రాస్తాను. రాశాక తేలికపడాల్సింది పోయి ఇంకా కుంగిపోతున్నాను. మానేయమంటారా?

జవాబు: మానొద్దు, పద్ధతి మార్చండి. రాసిన వెంటనే దిగులు పెరగడం వింతేమీ కాదు. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త జేమ్స్ పెన్నెబేకర్ 1986లో ప్రచురించిన ప్రయోగంలో కొందరు విద్యార్థులు తమను బాధపెట్టిన సంఘటనల గురించి రోజుకు 15 నిమిషాల చొప్పున వరసగా 4 రోజులు రాశారు. రాసిన వెంటనే వాళ్ల మనసు ఇంకా బరువెక్కింది. కానీ జరిగిందీ, దానికి తమకేమనిపించిందీ రెండూ కలిపి రాసినవాళ్లు తర్వాతి నెలల్లో మిగతావాళ్లకంటే వైద్యం కోసం తక్కువగా వెళ్లారు. వాళ్లు రాసింది కవిత్వం కాదు, మామూలు వచనం. అయినా గడియారం పెట్టుకోవడం, జరిగిందాన్ని వదలకపోవడం మనమూ పాటించవచ్చు.

మీరు పంపిన పాదం చూడండి: ‘ఒంటరితనం నా గుండెను కోస్తోంది.’ ఇందులో జరిగిందేమీ లేదు. పైగా ఈ ‘కోయడం’ వాడి వాడి మొద్దుబారిపోయింది. అసలు సరుకు మీ ఉత్తరంలోనే, కవిత బయట ఉండిపోయింది:

అలవాటుగా రెండు గ్లాసులు తీసి
ఒకటి మళ్లీ లోపల పెట్టాను

బాధ అన్న మాటే లేదు, అయినా తెలుస్తోంది. గ్లాసు వంక చూసినంతసేపూ మీరూ ఆ బాధలోంచి కాస్త పక్కకు జరుగుతారు. ఏ దిగులూ లేని రోజున కూడా, ఆ రోజు కంటబడ్డ వస్తువు మీద మూడు పాదాలు రాయండి. లేకపోతే కలం పట్టడమంటేనే ఏడుపు అని మనసుకు అలవాటైపోతుంది.

నిద్రా తిండీ రెండు వారాలు దాటినా కుదుటపడకపోతే వైద్యుణ్ణి కలవండి. బతకాలని లేదనిపిస్తే మాత్రం ఆ రోజే కలవండి. కవిత తర్వాతైనా రాసుకోవచ్చు.

ప్రశ్న: వచన కవితలు రాస్తాను. ఇప్పుడు ఛందస్సు నేర్చుకోవడం దండగేనా?

జవాబు: దండగేం కాదు. ఇరవై నిమిషాలు గణాలు, అంటే పొట్టి, పొడుగు అక్షరాల గుంపులు, లెక్కపెట్టే బుర్రలో ఆఫీసు గొడవకు చోటుండదు. అయితే కందమనే పద్యంతో మొదలుపెట్టకండి. ప్రాస (ప్రతి పాదంలో రెండో అక్షరానికి ఒకే హల్లు రావడం) తప్పనిసరి, ఏ గణం ఎక్కడ రావాలో నిబంధనలు ఎక్కువ, విసుగొచ్చి వదిలేస్తారు. ఆటవెలది పట్టండి. వేమన పుణ్యమా అని దాని నడక మన చెవిలో ఉండనే ఉంది.

1, 3 పాదాల్లో మూడు సూర్య గణాలు, రెండు ఇంద్ర గణాలు. 2, 4 పాదాల్లో అయిదూ సూర్య గణాలే. పొడుగ్గా పలికే అక్షరం గురువు (U), పొట్టిగా పలికేది లఘువు (I). సూర్య గణాలు రెండే: గలం (UI), నగణం (III). ఇంద్ర గణాలు ఆరు: నలం (IIII), నగం (IIIU), సలం (IIUI), భగణం (UII), రగణం (UIU), తగణం (UUI). పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో యతి, అంటే ఆ రెండింటి ధ్వని కలవాలి. ప్రాస నియమం లేదు. ఉదాహరణకు:

చిన్న / మాట / చాలు / చిత్తము / తేరగా

మూడు గలాలు, ఒక భగణం, ఒక రగణం. ‘చి’కి ‘చి’ యతి. కొత్తవాళ్లు దెబ్బతినేది సంయుక్తాక్షరం, ద్విత్వాక్షరం దగ్గర. ‘చిన్న’లో ‘చి’ పొట్టిగానే కనిపిస్తుంది, వెనక ‘న్న’ ఉంది కాబట్టి గురువవుతుంది. రెండో పాదం మీరు పూరించండి.

ప్రశ్న: రాసిన వెంటనే ఆన్‌లైన్‌లో పెడతాను. ఎవరూ స్పందించకపోతే రోజంతా పాడవుతుంది.

జవాబు: తేదీ వేసి మూడు వారాలు దాచండి. తర్వాత పైకి చదువుతూ నాలుక తడబడిన చోట గీత పెట్టండి. తరచూ మొదటి రెండు పాదాలు ఉపోద్ఘాతం, చివరి పాదం ఉపదేశం అయి ఉంటాయి, కొట్టేసి చూడండి. మిగిలింది ఒక్కరికి చూపించండి. ‘ఎలా ఉంది?’ అంటే ‘బాగుంది’ అనేస్తారు. ‘ఏ మాట దగ్గర ఆగారు?’ అని అడగండి.