ఆంగ్ల రచయిత సి.ఎస్. లూయిస్ రాసిన ‘పిల్‌గ్రిమ్స్ రిగ్రెస్’ చదువుతూ సగంలో ఆగిపోయాను. ఎలా చదవాలి?

ప్రతి పాత్రా ఏ సిద్ధాంతానికి గుర్తో తేల్చుకుని ముందుకు వెళ్దామనుకుంటే ఈ పుస్తకం కదలదు. బన్యన్ రాసిన పాత క్రైస్తవ ప్రతీక కథ ‘యాత్రికుని ప్రయాణము’లో పేరు వినగానే మనిషి ఎలాంటివాడో సండే స్కూలు పిల్లలకు కూడా తెలిసిపోతుంది. లూయిస్ పుస్తకంలో కథానాయకుడు జాన్‌కు దారిలో ఎదురయ్యేవాళ్ళు ఆనాటి ఇంగ్లండు మేధావుల వాదాలు. 1931లో క్రీస్తును నమ్మిన లూయిస్, మరుసటి ఏడాది బెల్‌ఫాస్ట్‌లో స్నేహితుడి ఇంట్లో ఉంటూ రెండు వారాల్లో దీన్ని రాసేశారు. పుస్తకం కొరుకుడు పడదని 1943 ముద్రణ ముందుమాటలో ఆయనే ఒప్పుకున్నారు.

మీరు జాన్ వెంట నడవండి, చాలు. అతని ఊళ్ళో దేవుణ్ణి భూస్వామి అంటారు. నియమం తప్పితే పాములూ తేళ్ళూ నిండిన చీకటి గోతిలో పడేస్తాడని పిల్లల్ని బెదిరిస్తారు. నేనూ అలాంటి భయభక్తుల్లోనే పెరిగాను. అందుకే ఒకరోజు జాన్‌కు దూరంగా ఒక ద్వీపం కనిపించి, దానికోసం ప్రాణం కొట్టుకున్నప్పుడు నాకు ఏడుపొచ్చింది. ఆ తపనకూ తనను భయపెట్టిన ఆ భూస్వామికీ సంబంధం ఉంటుందని అతను కలలో కూడా అనుకోడు.

నన్ను బాగా పట్టేసింది జాన్ జైల్లో పడే ఘట్టం. యుగధోరణి అనే రాక్షసుడి చూపు పడితే మనుషుల చర్మం అద్దంలా మారి లోపలి పేగులు కనిపిస్తాయి. పాలు కూడా పేడలాగే ఆవు ఒంట్లోంచి వచ్చేదేగా అంటాడు జైలరు. తాగడానికి ప్రకృతి ఇచ్చినదానికీ పారేయడానికి ఇచ్చినదానికీ తేడా తెలియదా అని జాన్ ఎదురు తిరుగుతాడు. ప్రేమంటే హార్మోన్లే, ప్రార్థనంటే భయమే అని హాస్టల్లో వాదించేవాళ్ళ ముందు నోరు పెగలక కూర్చున్న రోజుల్లో ఆ పేజీలు నాకు నిజంగా ఊపిరి పోశాయి.

కామానికి గుర్తుగా గోధుమరంగు అమ్మాయిలను పెట్టడం మాత్రం ఇప్పటికీ నన్ను నొప్పిస్తుంది. దాన్ని వెనకేసుకు రాను.

ఉత్తరాన ఉండే ముగ్గురు పాలిపోయిన మనుషుల భాగం త్వరగా దాటేయండి. పదో భాగాన్ని మాత్రం తీరిగ్గా చదవండి. ఆ ద్వీపం చిన్నప్పుడు చూసి భయపడిన భూస్వామి కొండలకు అవతలి వైపేనని తెలిశాక, జాన్ వచ్చిన దారినే ఇంటికి తిరిగి నడుస్తాడు. దారిలో ఇంతకుముందు చూసినవేవీ అతనికి అలా కనిపించవు. నాకు ముందు అర్థంకాని వాదాలు చాలావరకు అక్కడికొచ్చాకే తేటపడ్డాయి.