ఆటిజం వ్యాసం తిరగరాసే ముందు

తమ్ముడూ,

నీ వ్యాసం చదివాను. చదివించే గుణం ఉంది. కానీ ‘ఆటిజం ఉన్న పిల్లల మెదడులో దూరపు కనెక్షన్లు బలహీనంగా ఉంటాయి’ అని మొదటి వాక్యంలోనే తేల్చేశావు (అంటే మెదడులో దూరదూరంగా ఉన్న భాగాల మధ్యవి). అంత తొందర పనికిరాదు.

నువ్వు ఎత్తుకున్న కథ 2004 నాటిది. కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో మార్సెల్ జస్ట్ బృందం ఆటిజం ఉన్న 17 మందికి, లేని 17 మందికి ఎఫ్ఎంఆర్ఐ (మెదడు పనిచేస్తుండగా తీసే స్కాన్) తీస్తూ వాక్యాలు చదివించింది. ఆటిజం ఉన్నవాళ్లలో భాషకు పనికొచ్చే భాగాల మధ్య పొంతన తక్కువని తేలింది. అయితే ఆ స్కాన్ మెషిన్ మెదడు భాగాల్ని కలిపే తీగల్ని చూడదు. రెండు చోట్ల రక్తంలో ఆక్సిజన్ ఒకేసారి పెరిగి తగ్గుతుంటే, ఆ రెండిటికీ కనెక్షన్ ఉందంటారు, అంతే.

అసలు చిక్కు తర్వాత బయటపడింది. చెవులు దద్దరిల్లే ఆ గొట్టంలో పిల్లవాడు తల కదపకుండా ఎంతసేపని పడుకుంటాడు? మిల్లీమీటరులో కొంత భాగం కదిలినా చాలు, దూరపు కనెక్షన్లు తక్కువగా, దగ్గరివి ఎక్కువగా కనిపిస్తాయని 2012లో సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీ పరిశోధకులు చూపించారు. ఆటిజం గురించి అప్పటిదాకా చెప్పుకుంటున్నదీ అచ్చం అదే! అలాగని పాత ఫలితాలన్నీ కొట్టిపారేయకు. ఈ కదలికను ఎలా లెక్కలోకి తీసుకున్నారో ప్రతి పరిశోధనా పత్రంలోనూ వెతుకు.

2013లో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ వాళ్లకు ఆటిజం ఉన్న పిల్లల్లో కనెక్షన్లు ఎక్కువగా కనిపించాయి. మరుసటి ఏడు 17 చోట్ల నుంచి 1,112 మంది స్కాన్లు పోగేసి, వాటిలోంచి ఎంచి చూస్తే కనెక్షన్లు ఎక్కువ, తక్కువ రెండూ ఉన్నాయి, మొగ్గు మాత్రం తక్కువ వైపు. నాకు బాగా నచ్చింది 2015లో ఇజ్రాయెల్ వైజ్‌మన్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ల పని. ఆటిజం ఉన్న పెద్దవాళ్లలో ఈ తేడా ఒక్కొక్కరిలో ఒక్కో తీరుగా ఉందట. సగటు తీస్తే అదంతా చెరిగిపోదూ?

నీ వ్యాసం చదివిన ఏ తల్లో ‘మావాడికీ స్కాన్ తీయించమంటారా’ అని ఫోన్ చేస్తుంది చూడు. ఆటిజం ఉందో లేదో ఇప్పటికీ పిల్లవాడి తీరు గమనించి, ఇంట్లోవాళ్లతో మాట్లాడే తేలుస్తారు. ఆ ముక్క చివర్లో ఇరికించకు, ముందే రాయి.

అన్నట్టు, ఆ రంగురంగుల మెదడు బొమ్మ తీసెయ్. ఆ రంగులు లెక్కల మీద కంప్యూటర్ వేసినవి, జనం ఫొటో అనుకుంటారు. ఆదివారంలోగా తిరగరాసి పంపు.

మీ అన్నయ్య