టుల్ నేస్తారా, అల్లుతారా?

సందేహం: పెళ్లికూతురి మేలిముసుగుకు, గౌన్లకు వాడే సన్నని వలలాంటి బట్టను కొందరు ‘టుల్’ అనీ, కొందరు ‘టూల్’ అనీ రాస్తున్నారు. అనువాదాల్లో ‘జాలరు’, ‘వలిపం’ అనే మాటలూ కనిపిస్తున్నాయి. ఏది సరి? ‘టుల్ నేశారు’ అనవచ్చా?

సమాధానం: టుల్ అన్నది ఫ్రాన్సులోని ఒక ఊరి పేరు. బట్టకు ఆ ఊరి పేరే వచ్చింది. ఫ్రెంచివాళ్లు పలికే అచ్చు మనకు లేదు. పెదవులను ఉకారానికి సున్నాలా చుట్టి, నాలుకతో ఇకారం పలికితే దగ్గరగా వస్తుంది. ఇంగ్లిషు ఉచ్చారణను బట్టి ‘టూల్’ అంటే తప్పు కాదు గానీ, చదివేవారికి పనిముట్టు గుర్తుకొస్తుంది. అందుకే ‘టుల్’ మేలు.

జాలరు అంటే అంచున వేలాడే కుచ్చు. బట్టకు ఆ పేరు నప్పదు. వలిపం పలుచని బట్టే, కానీ నేసిన బట్ట. దానిలోంచి అవతలిది కనిపించడానికి కారణం నూలు సన్నదనం. టుల్‌లో కనిపించేది పోగుల మధ్య కన్నుల గుండా. వలకు ఉన్నట్టే దీనికీ కన్ను అన్న మాటే సరిపోతుంది. రంధ్రం, చిల్లు అంటే బట్ట పాడైందనుకుంటారు. తెలుగు మాటే కావాలంటే ‘వలబట్ట’ అనండి. ‘వల వస్త్రం’ చెవికి అతకదు. దర్జీలు అనే ‘నెట్’ అన్నిటికన్నా సులువు. అయితే లంగా నిలబడటానికి లోపల వేసే బిరుసు క్యాన్‌క్యాన్ కూడా నెట్టే కాబట్టి, టుల్‌ను ‘సన్న నెట్’ అని విడదీసి చెప్పాలి.

ఇక క్రియ సంగతి. నేత అంటే పడుగు, పేక ఒకదాన్నొకటి అడ్డంగా దాటడం. టుల్‌లో అది లేదు. ఇంగ్లండుకు చెందిన జాన్ హీత్‌కోట్ 1808, 1809లలో పేటెంట్లు పొందిన, వలబట్ట తయారుచేసే బాబినెట్ యంత్రంలో నిలువు పోగుల చుట్టూ బాబిన్ (కండె) పోగులు ఏటవాలుగా మెలి తిరుగుతూ ఆరు మూలల కన్నులు కడతాయి. దీనికి ‘పెనవేయడం’ చక్కగా కుదురుతుంది. ఇప్పుడు ఎక్కువగా దొరికే నైలాన్ టుల్‌ను యంత్రాల మీద పోగుల ఉచ్చులు ఒకదానిలో ఒకటి తగిలించి తయారు చేస్తారు, అది అల్లిక. ఏ రకమో తెలియకపోతే ‘తయారు చేశారు’ అంటే చాలు. నేశారు అని మాత్రం రాయవద్దు.

ఈ తేడా కుట్టుపనిలోనూ తెలుస్తుంది. నేసిన బట్టను కత్తిరిస్తే అంచున పోగులు ఊడతాయి, మడిచి కుట్టక తప్పదు. టుల్‌లో పోగులు ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి కనుక మేలిముసుగు అంచును కత్తిరించి అలాగే వదిలేయవచ్చు. కాబట్టి ‘టుల్ అంచు పోగులు పోయింది’ అని ఎవరైనా రాస్తే, వాళ్లు చూసింది బహుశా ఆర్గంజా అయి ఉంటుంది. అది నేతబట్టే.

పాడైన తీరును చెప్పేటప్పుడూ మాట చూసుకోవాలి. గోరో నగో తగిలి ఒకటి రెండు పోగులు పోతే ‘కన్ను తెగింది’; చీలిక సాగితేనే ‘చిరిగింది’. పట్టు టుల్ మీద ఇస్త్రీపెట్టె వేడెక్కువైతే ‘మాడింది’ అనవచ్చు. నైలాన్ టుల్ అయితే మెత్తబడి కన్నులు పూడుకుపోతాయి, అక్కడ ‘కరిగింది’ అనాలి.